ఆకు ఒక్కటే చేతికొస్తే: ఏ మొక్కకు నాటాలి, ఏ మొక్కకు వద్దు

“ఆకు గుచ్చితే మొక్కొస్తుందట కదా?” అని అడిగితే అవుననో కాదనో ఒక్కమాటలో చెప్పలేం. ఏ మొక్క ఆకు, ఏ నెలలో, ఎంత ఓపికతో అన్నదాన్ని బట్టే జవాబు. స్నేక్ ప్లాంట్ ఆకును ముక్కలు చేసి పెడితే ముక్కకో పిలక రావచ్చు. మనీప్లాంట్ ఆకును కాడతో సహా సీసాలో పెడితే గుప్పెడు వేళ్లు వస్తాయి, నెలల తరబడి ఆకు నవనవలాడుతూ ఉంటుంది, తీగ మాత్రం రాదు.

ఈ తేడా ఎక్కడుందో తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే. కోసిన చోట వేళ్లు వేసే శక్తి చాలా ఆకులకు ఉంది. వేళ్లతో పాటు కొత్త మొగ్గను కూడా పుట్టించుకోగల శక్తి కొన్నింటికే ఉంది. మనీప్లాంటుకు, రబ్బరు మొక్కకు, హోయాకు మొగ్గ ఉండేది కాండం మీది కణుపు దగ్గర. కణుపు లేకుండా ఆకు ఒక్కటే వస్తే చివరికి మిగిలేది వేళ్లున్న ఆకు, అంతే. ప్రేమికుల రోజు దగ్గరపడితే చిన్న కుండీలో ఒకే ఒక్క హృదయం ఆకారపు ఆకు పెట్టి అమ్ముతుంటారు. హోయా కెర్రీ అంటారు దాన్ని. చాలావరకు అది కణుపు లేని ఆకే. బల్ల మీద పెట్టుకోవడానికి బాగుంటుంది కానీ తీగ పాకుతుందని మాత్రం కొనకండి.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

మొలక వస్తుందా లేదా అన్నది మొదటి వడపోత. అందులో నెగ్గిన మొక్కల్లో ఏది అన్నప్పుడు నేను ఇంకో నాలుగు సంగతులు చూస్తాను.

ఎంతకాలం? ఆకు పద్ధతిలో డబ్బు పెద్దగా ఖర్చు కాదు, నెలలు ఖర్చవుతాయి. రణపాలకు వారాలు చాలు. నీడకు ఓర్చుకునే ఇంటి మొక్క జెడ్‌జెడ్‌కు ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు.

గాలి ఎలా ఉంది? కండగల ఆకుల సక్యులెంట్లకు కోసిన గాయం ఆరాలి, అంటే పొడిగాలి కావాలి. బిగోనియా, ఆఫ్రికన్ వయొలెట్ ఆకులు వేళ్లు వచ్చేదాకా వాడిపోకూడదు, అంటే తేమగాలి కావాలి. ఒకదానికి మంచి నెల రెండోదానికి చెడ్డ నెల. అందుకే “వానాకాలంలో ఏది పెట్టినా నాటుకుంటుంది” అనే పాత లెక్క మందారం కొమ్మకు సరిపోతుంది గానీ ఎచెవేరియా లాంటి సక్యులెంట్ ఆకుకు సరిపోదు.

తల్లి పోలిక వస్తుందా? రెండు రంగుల ఆకుల మొక్కల్లో ఇదే అసలు చిక్కు. రంగు చూసి ముచ్చటపడి ఆకు తెచ్చుకుంటాం, వచ్చే పిల్ల ఒట్టి పచ్చది.

ఇంకో దారి ఉందా? పిలక విడదీసే వీలుంటే ఆకు జోలికి పోనక్కర్లేదు. కుండీ నిండా పిలకలున్న స్నేక్ ప్లాంటును ఎదురుగా పెట్టుకుని ఆకు ముక్కలు కోయడం సరదాకే తప్ప అవసరానికి కాదు.

| మొక్క | నాటే భాగం | వేళ్లకు | ఓ మోస్తరు మొక్కకు | తల్లి పోలిక | ఆకు కన్నా సులువు |
|---|---|---|---|---|---|
| రణపాల | పూర్తి ఆకు | 1–2 వారాలు | 2–3 నెలలు | వస్తుంది | అక్కర్లేదు |
| గ్రాప్టోపెటలం (ఘోస్ట్ ప్లాంట్) | మొదలుతో ఊడిన ఆకు | 2–3 వారాలు | 4–6 నెలలు | వస్తుంది | కొమ్మ |
| ఎచెవేరియా | మొదలుతో ఊడిన ఆకు | 2–4 వారాలు | 6–12 నెలలు | రెండు రంగుల రకాలకు నమ్మకం లేదు | పిలక |
| అసలు జేడ్ (క్రాసులా) | మొదలుతో ఊడిన ఆకు | 3–6 వారాలు | ఏడాది | వస్తుంది | కొమ్మ |
| స్నేక్ ప్లాంట్ | 7–10 సెం.మీ. ముక్క | 4–8 వారాలు | 6–12 నెలలు | పసుపు అంచు పోతుంది | పిలక విడదీయడం |
| జెడ్‌జెడ్ | ఒక చిట్టి ఆకు | 1–2 నెలలు | ఏడాది, ఆ పైన | వస్తుంది | దుంపలు విడదీయడం |
| ఆఫ్రికన్ వయొలెట్ | కాడతో ఆకు | 3–4 వారాలు | 6–9 నెలల్లో పూత | చాలావరకు వస్తుంది | ఆకే మేలు |
| రెక్స్ బిగోనియా | ఆకు, ఈనె ఉన్న ముక్క | 3–5 వారాలు | 4–6 నెలలు | వస్తుంది | ఆకే మేలు |
| పెపరోమియా | కాడతో ఆకు, సగం ఆకు | 3–5 వారాలు | 5–8 నెలలు | రెండు రంగులవి పచ్చబడతాయి | కొమ్మ |

ఇవి వెలుతురు బాగా ఉండి, మరీ ఎండా మరీ చలీ లేని చోట పెట్టినప్పటి లెక్కలు. చీకటి మూలన పెడితే రెట్టింపు వేసుకోండి.

## రణపాల: పిల్లల చేత పెట్టించండి

బడి జీవశాస్త్రంలో శాఖీయ ప్రత్యుత్పత్తి పాఠం రాగానే గుర్తొచ్చేది ఇదే. ఆకు అంచున ఉండే ప్రతి నొక్కులోనూ మొగ్గ నిద్రపోతూ ఉంటుంది. ఆకు తల్లి నుంచి విడిపోయి తడి మట్టిని తాకితే ఆ మొగ్గలు లేస్తాయి. కోయడం, ఆరబెట్టడం, పొడులు పూయడం ఏదీ అక్కర్లేదు. తడి మట్టి మీద ఆకును పరిచి, ఎగిరిపోకుండా ఒక చిన్న రాయి పెడితే చాలు.

దీని చుట్టం ఒకటుంది, మదర్ ఆఫ్ థౌజండ్స్ పేరుతో అమ్ముతారు. దానికి ఆకు తెంపాల్సిన పని కూడా లేదు, చెట్టు మీద ఉండగానే అంచుల వెంట పిల్లలు పుట్టి రాలి, పక్క కుండీలన్నిటినీ ఆక్రమిస్తాయి. ఈ జాతి మొక్కలు పశువుల గుండెకు విషం. గేదెలో మేకలో తిరిగే దొడ్డి పక్కన పెంచకండి, తుంచిన ఆకులను బయట పారేయకండి.

## సక్యులెంట్లు: నెల చూసుకుని మొదలుపెట్టండి

గులాబీ పువ్వు ఆకారంలో ఉండే సక్యులెంట్లలో మన ఎండలకు కాస్త నిలబడేది గ్రాప్టోపెటలం. బూడిద రంగు, కొద్దిగా గులాబీ ఛాయ, తాకితే ఆకు ఊడొస్తుంది. ఊడిన ఆకు ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుంది. మొదటిసారి ప్రయత్నించేవాళ్లు దీనితో మొదలుపెట్టాలి. అందంగా ఉందని ఎచెవేరియాతో మొదలుపెట్టినవాళ్లలో ఎక్కువమంది ఆ వేసవి దాటేసరికి సక్యులెంట్ల మీదే విరక్తి తెచ్చుకుంటారు.

ఎచెవేరియా స్వస్థలం ఎక్కువగా మెక్సికో కొండప్రాంతాలు. పగలు ఎండ ఉన్నా రాత్రి చల్లబడే చోటు. ఇలాంటి మొక్కలు నీరు ఆవిరైపోకుండా పత్రరంధ్రాలను పగలు మూసి రాత్రి తెరుస్తాయి. మే నెలలో విజయవాడలో రాత్రి కూడా ఉక్కపోతే కాబట్టి తల్లి మొక్కే అల్లాడిపోతుంది, ఇక తెగిన ఆకు సంగతి చెప్పేదేముంది. తెలుగు రాష్ట్రాల్లో అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా వీటికి అనువైన కాలం. బెంగళూరులో ఉన్నవాళ్లకు ఈ బాధ తక్కువ, దాదాపు ఏడాదంతా ప్రయత్నించవచ్చు, భారీ వానలప్పుడు చూరు కింద పెట్టుకుంటే సరి.

ఆకును ఊడదీసే తీరు మీద సగం ఫలితం ఆధారపడి ఉంటుంది. కింది వరుసలో ఉబ్బుగా ఉన్న ఆకును పట్టుకుని కుడికీ ఎడమకీ మెల్లగా ఊపితే కాండం నుంచి శుభ్రంగా ఊడొస్తుంది. మొదలు కాండానికే అంటుకుని సగం ఆకు చేతికొస్తే దాన్ని పక్కన పడేయండి, మొగ్గ పుట్టేది ఆ మొదలు దగ్గరే. ఊడిన ఆకులను నీడలో 2–4 రోజులు ఆరనివ్వాలి, కోస్తాలో గాలి తేమగా ఉంటే వారం. తర్వాత ఇసుక మిశ్రమం మీద పరచాలి, గుచ్చొద్దు. గులాబీ రంగు వేళ్లు కనిపించేదాకా నీళ్లు వద్దు, ఆ తర్వాత రెండు మూడు రోజులకోసారి తుంపరగా. పాత ఆకు ఎండి దానంతట అదే ఊడేదాకా పిల్లను విడదీయకండి, అన్నాళ్లూ దాని తిండి ఆ ఆకులోంచే. పిండినల్లి పట్టిన మొక్క నుంచి మాత్రం ఎంత బాగున్నా ఆకు తీసుకోకండి, ఆకు మొదట్లో దాక్కుని ఇంట్లోకి వచ్చేస్తుంది.

జేడ్ విషయంలో ఒక హెచ్చరిక. మన నర్సరీల్లో జేడ్ పేరుతో అమ్మేది చాలాచోట్ల క్రాసులా కాదు, పోర్చులకేరియా. ఎర్రటి సన్న కాడలు, గోరంత గుండ్రటి ఆకులు ఉంటే పోర్చులకేరియా. మందపాటి కాండం, రూపాయి బిళ్లను మించిన దళసరి ఆకులు ఉంటే క్రాసులా. క్రాసులా ఆకు మొలుస్తుంది. పోర్చులకేరియా ఆకు మొలిస్తే అదృష్టం, అదే జానెడు కొమ్మ గుచ్చితే నెల తిరక్కుండా నాటుకుంటుంది. “జేడ్ ఆకు ఎన్నిసార్లు పెట్టినా రాదు” అని విసుక్కునేవాళ్ల ఇంట్లో ఉన్నది తరచుగా ఇదే.

## స్నేక్ ప్లాంటా, జెడ్‌జెడ్డా?

రెండూ నీడకు ఓర్చుకుంటాయి, రెండూ నీళ్లు మరిచిపోయినా బతుకుతాయి, రెండూ ఆకుతో వస్తాయి, రెండూ ఆలస్యమే. ఎక్కువమంది తటపటాయించేది ఈ రెండింటి మధ్యే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

స్నేక్ ప్లాంట్ ఆకుకు పైకొస, కింది కొస గుర్తుండాలి. పొడవాటి ఆకును ముక్కలు చేశాక అన్నీ ఒకేలా కనిపిస్తాయి. తలకిందులుగా గుచ్చిన ముక్కకు వేళ్లు రావు. కోసేటప్పుడే కింది వైపును బాణం మొనలా కోస్తే తికమక ఉండదు, గాయం వైశాల్యం పెరిగి వేళ్లు కూడా ఎక్కువ వస్తాయి. ఒకటి రెండు రోజులు ఆరబెట్టి 2–3 సెంటీమీటర్ల లోతున గుచ్చాలి. గుచ్చిన ముక్క పెరిగి పెద్ద ఆకు కాదు. మట్టి లోపల దుంప కాడ ఒకటి పుట్టి, దాని నుంచి పక్కన పిలక లేస్తుంది.

పసుపు అంచు రకం, అంటే లారెంటి, మీ దగ్గరుంటే ఆగండి. ఆ పసుపు అంచు వేరే కణాల పొర నుంచి వచ్చేది. కొత్త మొగ్గ ఆకు లోపలి పచ్చ కణాల నుంచి పుడుతుంది కాబట్టి పిలక పచ్చగా వస్తుంది. పసుపు అంచే కావాలంటే పిలకను దుంపతో సహా విడదీయడం ఒక్కటే దారి. పచ్చటి రకమే అయితే నిశ్చింతగా కోసుకోండి.

జెడ్‌జెడ్‌కు రంగు గొడవ లేదు. తూర్పు ఆఫ్రికా మొక్క, 1996 ప్రాంతంలో డచ్ నర్సరీలు పెద్దఎత్తున పెంచడం మొదలుపెట్టాకే ప్రపంచమంతా పాకింది. ఒక రెమ్మకున్న చిట్టి ఆకులన్నీ విడివిడిగా గుచ్చవచ్చు. ప్రతి ఆకు మొదట్లోనూ బఠానీ గింజంత దుంప ఊరుతుంది, వేళ్లు వస్తాయి, ఆ తర్వాత నెలల తరబడి పైకి ఏమీ కనిపించదు. ఒక్కోసారి ఆకు పండి రాలిపోతుంది కూడా. అక్కడే చాలామంది కుండీ దులిపేస్తారు. దులపకండి, లోపల దుంప గట్టిగా ఉంటే మొలక బాకీ ఉన్నట్టే.

నన్నడిగితే, ఒక్క మొక్క చాలనుకునేవాళ్లకు రెండింటికీ ఆకు దారి దండగ, పిలక తెచ్చుకోండి. గృహప్రవేశానికి వచ్చినవాళ్లకు తలా ఒక కుండీ ఇవ్వాలని ఏడాది ముందే అనుకుంటే జెడ్‌జెడ్ పెట్టండి. ఒక్క రెమ్మలోంచి అన్ని మొక్కలు ఇంకో దారిలో రావు. ఇంట్లో పాకే పసివాళ్లు, కుక్కలు, పిల్లులు ఉంటే రెండింటినీ అందనంత ఎత్తులో పెట్టండి. జెడ్‌జెడ్‌లో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు, స్నేక్ ప్లాంటులో సపోనిన్లు ఉంటాయి. నమిలితే నోరు మంట, వాంతులు.

## ఆఫ్రికన్ వయొలెట్, రెక్స్ బిగోనియా, పెపరోమియా

ఆకు పద్ధతి పుట్టిందే వీటి కోసమా అనిపించే మొక్కలు. వయొలెట్‌కు పొడవాటి కాండం ఉండదు కాబట్టి కొమ్మ కత్తిరించే ప్రశ్నే లేదు. మధ్య వరుసలోని ఆకును తీసుకోవాలి, కింది వరుసవి ముదురు, నడిమధ్యవి మరీ లేత. కాడను 2–3 సెంటీమీటర్లు ఉంచి ఏటవాలుగా కోసి గుచ్చితే, రెండు మూడు నెలలకు మొదట్లో నాలుగైదు చిన్న మొక్కలు గుంపుగా లేస్తాయి. చక్రంలా చారలున్న పూల రకాలకు మాత్రం ఆకుతో ఆ చారలు రావు.

రెక్స్ బిగోనియాకు ఇంకా విచిత్రమైన గుణం ఉంది. ఆకు వెనక పెద్ద ఈనెలను అక్కడక్కడా బ్లేడుతో గాటు పెట్టి, తడి కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) మీద వెనక వైపు ఆనేలా పరిచి, పిన్నులతో అదిమితే ప్రతి గాటు దగ్గరా ఒక మొక్క రావచ్చు. రంగులూ తల్లివే వస్తాయి. ఎందుకంటే ఆ వెండి మెరుపులు, ఎర్ర చారలు మొక్క జన్యువుల్లోనే ఉన్నాయి, స్నేక్ ప్లాంట్ అంచులా పొరల అమరిక వల్ల వచ్చినవి కావు. పుచ్చకాయ చారల పెపరోమియాదీ ఇదే కథ, ఆకును అడ్డంగా రెండు చేసి గుచ్చినా చారలు పోవు. పచ్చ, మీగడ రంగులు కలిసిన పెపరోమియా మాత్రం ఆకుతో పచ్చబడుతుంది.

ఈ మూడింటికీ మన దగ్గర అసలు శత్రువు వేడి. 20–25 డిగ్రీల మధ్య హాయిగా ఉంటాయి. పైన మూత కూడా ఉండాలి కాబట్టి స్వీటు డబ్బా, కేకు డబ్బా లాంటి పారదర్శక ప్లాస్టిక్ డబ్బాలు పనికొస్తాయి. రోజుకోసారి మూత తీసి గాలి ఆడనివ్వండి. మూసిన డబ్బాను ఎండలో పెట్టారంటే లోపల ఆకు ఉడికిపోతుంది.

## నీళ్లలోనా, మట్టిలోనా?

నీళ్ల సీసాలో ఒకే లాభం: వేళ్లు కంటికి కనబడతాయి. ఓపిక తక్కువున్నవాళ్లకు అదేమీ చిన్న లాభం కాదు. స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్, వయొలెట్, పెపరోమియా ఆకులకు నీళ్లు సరిపోతాయి. నష్టం ఏమిటంటే నీటిలో వచ్చిన వేళ్లు పెళుసుగా ఉంటాయి, మట్టిలోకి మార్చినప్పుడు మొక్క మళ్లీ కొన్నాళ్లు ఆగుతుంది. వేళ్లు రెండు మూడు సెంటీమీటర్లు కాగానే మార్చేయాలి. డెంగీ దోమ గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం, పది రోజులు చాలు, అదీ శుభ్రమైన నిలవనీటిలోనే. కాబట్టి మూడు రోజులకోసారి సీసా కడిగి నీళ్లు మార్చలేనివాళ్లు ఈ పద్ధతి పెట్టుకోవద్దు.

నీళ్ల కన్నా మిశ్రమమే నా ఎంపిక. సక్యులెంట్లకు, స్నేక్ ప్లాంటుకు రెండు పాళ్ల ముతక ఏటి ఇసుకకు ఒక పాలు కోకోపీట్. వయొలెట్, బిగోనియాలకు కోకోపీట్, పెర్లైట్ (తేలికైన తెల్లటి గుళికలు) సగం సగం. కోకోపీట్ ఇటుకను నానబెట్టాక రెండు మూడుసార్లు కడిగి పిండండి, ఉప్పు ఉంటుంది. సముద్రపు ఇసుక వద్దన్నదీ అందుకే. ఎరువు ఈ దశలో ఏదీ వద్దు. ఆవుపేడ ఎరువు, వర్మి కంపోస్ట్ కలిపిన కుండీలోనే తెగిన ఆకు త్వరగా కుళ్లుతుంది.

వేర్ల పొడి కొనాలా? కొమ్మలకైతే కొనండి. ఆకులకు నా ఓటు వద్దనే. ఆ పొడుల్లో ఉండేది ఆక్సిన్ అనే మొక్కల హార్మోన్. 1957లో స్కూగ్, మిల్లర్ అనే శాస్త్రవేత్తలు పొగాకు కణజాలం మీద చేసిన ప్రయోగాల్లో తేలిందేమిటంటే, ఆక్సిన్ పాలు ఎక్కువైతే వేళ్లు వస్తాయి, సైటోకైనిన్ అనే మరో హార్మోన్ పాలు ఎక్కువైతే మొలక వస్తుంది. కొమ్మకు మొగ్గ ముందే ఉంది కాబట్టి వేళ్లొస్తే చాలు. ఆకుకు రెండూ కావాలి. పొడి దట్టంగా పూస్తే వేళ్లు బ్రహ్మాండంగా వచ్చి మొలక వెనకబడే ప్రమాదం ఉంది.

## ఎవరికి ఏది

హైదరాబాద్ ఫ్లాట్, తూర్పు బాల్కనీ, ఉద్యోగం: అక్టోబరులో గ్రాప్టోపెటలం పరచండి, దానితో పాటు ఒక స్నేక్ ప్లాంట్ ఆకు కోసి పెట్టండి. మొదటిది త్వరగా ఫలితం చూపించి రెండోదానికి కావలసిన ఓపిక ఇస్తుంది.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరం వాళ్లకు సక్యులెంట్ల కన్నా పెపరోమియా, జెడ్‌జెడ్ అనుకూలం. సక్యులెంటే కావాలంటే డిసెంబరు, జనవరి నెలల్లో. కడియం వైపు వెళ్లే వీలుంటే ఎచెవేరియా ఆకు కోసం తిప్పలు పడే బదులు అక్కడి నర్సరీల్లో పిలకలున్న కుండీ ఒకటి వెతికి తెచ్చుకోవడం తెలివైన పని.

అమెరికాలో, ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లకు మనకు కష్టమైన ఆఫ్రికన్ వయొలెట్ ఎంతో సులువు. గది చల్లదనం దానికి సరిగ్గా సరిపోతుంది, తూర్పు కిటికీ లేకపోతే ఎల్ఈడీ దీపం చాలు. జెడ్‌జెడ్, స్నేక్ ప్లాంట్ ఆకులను మాత్రం చలికాలంలో మొదలుపెట్టకండి, ఏప్రిల్ దాకా ఆగండి. ఊరి నుంచి రణపాల ఆకు సూట్‌కేసులో వేసుకెళ్దామనుకునేవాళ్లు ఆ ఆలోచన మానుకోండి. నాటడానికి పనికొచ్చే మొక్క భాగాలను ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (చీడపీడలు లేవనే ధ్రువపత్రం) లేకుండా అమెరికాలోకి రానివ్వరు.

కలబంద ఆకు నాటాలనుకునేవాళ్లు ఏ ఊళ్లో ఉన్నా ఒకటే మాట: వద్దు. లోపలి గుజ్జు కుళ్లిపోతుంది. పక్కన వచ్చే పిలకను తీసి పెట్టుకోండి.

## ఎప్పుడు పారేయాలి

ఆకు మెత్తబడి, నీరు కారుతూ, మొదలు నల్లబడితే ఆ రోజే తీసేయండి, పక్క ఆకులకూ అంటుతుంది. సక్యులెంట్ ఆకు ముడతలు పడి సన్నబడితే అది చావు కాదు, లోపలి నీటిని పిల్లకు ఇస్తోందన్నమాట. వేళ్లూ పిల్లా ఏదీ లేకుండా కాగితంలా ఎండిపోతే అప్పుడు తీసేయండి. గట్టిగా, పచ్చగా ఉండి ఆరు నెలలైనా మొలక రాని ఆకు స్నేక్ ప్లాంటుదో జెడ్‌జెడ్‌దో అయితే కుండీని వెలుతురు ఎక్కువున్న చోటికి జరిపి, నీళ్లు తగ్గించి ఇంకో ఆరు నెలలు ఉంచండి. రబ్బరు మొక్కదో మనీప్లాంటుదో అయితే ఆ కుండీ ఖాళీ చేసి కణుపు ఉన్న కొమ్మ పెట్టుకోండి.